డేగిసా మ్యాచి

నా ఉద్యోగం తిట్టడం. కంపెనీ కార్డు మీద సేఫ్టీ ఆఫీసర్ అని ఉంటుంది గానీ, సౌదీలోని జుబైల్‌లో, ప్లాంట్లు ఆపి చేసే షట్‌డౌన్ మరమ్మతుల వెంట ఈ ప్లాంటు నుంచి ఆ ప్లాంటుకి తిరుగుతూ, హెల్మెట్ లేనివాణ్ణీ బెల్టు కట్టనివాణ్ణీ పొద్దస్తమానం తిట్టడమే నేను చేసేది. పేరు ఖాదర్ మొహిద్దీన్, మాది రాయచోటి. ఇంత నోరున్నవాడు కాబట్టి డేగిసా మ్యాచికి ప్రతి ఏడూ నన్నే అంపైర్‌గా నిలబెడతారు. పైగా ఆడేది ఐటీఐ చదివినవాళ్లూ, పాలిటెక్నిక్ చదివినవాళ్లూ. నేను రెండూ కాదు, డిగ్రీ కాలేజీ. కాబట్టి రెండు జట్ల మీదా నాకు సమానమైన కోపం.

ఈ మ్యాచి సంగతి చెప్పాలి. డిసెంబర్‌లో చలి మొదలయ్యాక ఒక శుక్రవారం, జుమ్మా నమాజ్ అయ్యాక, మా క్యాంపు వెనకున్న చౌడునేలలో ఆడతారు. ఒకవైపు మా కడప జిల్లా ఐటీఐల నుంచి వచ్చిన వెల్డర్లు, ఫిట్టర్లు. ఇంకోవైపు పాలిటెక్నిక్ నుంచి వచ్చిన సూపర్‌వైజర్లు, ఇన్‌స్పెక్టర్లు. టేపు చుట్టిన టెన్నిస్ బంతితో క్రికెట్టు. గెలిచినవాళ్లకి వెండి కప్పూ లేదు, పతకమూ లేదు. ఉన్నదల్లా ఒక పెద్ద అల్యూమినియం డేగిసా. ఓడిన జట్టు ఆ డేగిసాలో బిర్యానీ వండాలి. గెలిచిన జట్టు ఎర్ర జంఖానా మీద కాళ్లు చాపుకుని కూచుని ముందు తినాలి. ఓడినవాళ్లు వడ్డించి, ఆఖర్న అడుగూ బొడుగూ తినాలి.

ఈ రూలు పెట్టింది పీర్ సాహెబ్. వెల్డింగ్ ఫోర్‌మన్, ఐటీఐ జట్టు కెప్టెను, వికెట్ కీపరు. ఆ డేగిసా చెవి విరిగితే అతికించింది కూడా ఆయనే. పెట్టిన వేళావిశేషమేమో గానీ, ఆయన జట్టు ఒక్కసారి కూడా గెలవలేదు. ప్రతి ఏడూ ఆయనే వండాడు, ఆయనే వడ్డించాడు. ఎవడు తవ్వుకున్న గోతిలో వాడే పడతాడంటారు, ఈయన మాత్రం గోతిలో కూచుని బ్రహ్మాండమైన బిర్యానీ చేసేవాడు.

ఈ ఏడు ఆయనకి ఫైనల్ ఎగ్జిట్ పడింది. వచ్చే బుధవారం విమానం. ఇంక తిరిగి వచ్చేది లేదు. వెళ్లేలోపు ఒక్కసారి గెలవాలి, ఆ జంఖానా మీద కూచోవాలి. ఆయన కోరిక అదొక్కటే, క్యాంపులో అందరికీ తెలుసు.

తెలిసి ఏం లాభం? రెండేళ్ల కింద కాంట్రాక్టర్లంతా కలిసి ఒక లీగ్ పెట్టారు. ఫ్లడ్ లైట్లు, రంగురంగుల చొక్కాలు, వీపుల మీద పేర్లు, ఫోన్లలో లైవ్. దానికో పాయింట్ల పట్టిక, ఆపైన ప్లేఆఫ్‌లు. మెస్సులో పప్పు వడ్డించుకుంటూ కూడా ఎవరు క్వాలిఫైయర్‌కి పోతారు, ఎవరు ఎలిమినేటర్‌తో ఇంటికి పోతారు, ఇదే గోల. కొత్త ఒక వింత, పాత ఒక రోత. ఈసారి ప్లేఆఫ్‌లు సరిగ్గా మా శుక్రవారం మర్నాడే మొదలు. లీగ్ జట్లలో ఉన్న మంచి ఆటగాళ్లంతా, అటు ఐటీఐవాళ్లూ ఇటు పాలిటెక్నిక్‌వాళ్లూ, ఒకరి తరవాత ఒకరు డేగిసా మ్యాచికి రామన్నారు.

ఆఖర్న ఇర్ఫాన్ కూడా అదే మాటన్నాడు. ఇర్ఫాన్ ఎవరో కాదు, పీర్ సాహెబ్ సొంత చెల్లెలి కొడుకు. ఐటీఐ జట్టు ఓపెనర్. వాణ్ణి వీసా తీసి ఇక్కడికి తెచ్చిందీ, వెల్డింగ్ రాడ్ పట్టడం నేర్పిందీ ఆయనే.

"మామా, శనివారం ఎలిమినేటర్ ఉండాది. యాడా ఆడగూడదని మా కెప్టెన్ గట్టిగా జెప్పినాడు. ఆ చౌడులో కాలు మడతబడిందంటే లీగంతా పోతాది నాకు" అన్నాడు తలొంచుకుని.

"సరేలే అబ్బీ. నీ ఆట నువ్వు జూసుకో" అన్నాడు పీర్ సాహెబ్.

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోతే పీర్ సాహెబ్ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. "వాన్నేం అనగాకు ఖాదరూ. వయసులో ఉండాడు. ఒక్కతూరి ఆ జంఖానా మింద కూచ్చోని తినల్లని ఉన్నింది నాకు. పోనీలేప్పా, ఇంటికాడ చాప ఉండాదిలే" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నేను ఇంకా ఎక్కువ తిడతాను. ఆరోజు సైటులో ఎవరూ నా దగ్గరికి రాలేదు.

వచ్చినవాడు వెస్లీ ఒక్కడే. క్లయింట్ కంపెనీ తరఫు ఇన్‌స్పెక్టర్, అమెరికావాడు, తాటిచెట్టంత మనిషి. టీ తాగుతూ ఎందుకలా ఉన్నావని అడిగాడు. నా ఇంగ్లీషులో నేను మొత్తం వెళ్లగక్కాను. వాడు ఫక్కున నవ్వాడు. కోపమొచ్చి కప్పు కింద పెట్టాను.

"నవ్వింది నిన్ను చూసి కాదు. మా దేశంలోనూ అచ్చం ఇదే కథ" అని మొదలుపెట్టాడు.

వాళ్ల దేశంలో కాలేజీ ఫుట్‌బాల్ అని ఒకటి ఉందట. పేరుకి ఫుట్‌బాల్ గానీ బంతిని చంకలో పెట్టుకుని గుద్దుకుంటూ పరిగెత్తడమట. హెల్మెట్ లేనిదే గ్రౌండులోకి రానివ్వరట. ఆ మాట వినగానే ఆ ఆట మీద నాకు గౌరవం కలిగింది. పూర్వం సీజన్ చివర్న మంచి జట్లకి బౌల్ మ్యాచిలని ఉండేవి. నారింజ పేరున ఒకటి, చక్కెర పేరున ఒకటి, గులాబీ పేరున ఒకటి. చిన్న ఊళ్ల పేర్లతో చిన్నవి ఇంకెన్నో. ఎవరి బౌల్ వాళ్లకి పండగ. గెలిస్తే ఆ గెలుపు చెప్పుకుంటూ చలికాలమంతా గడిపేసేవాళ్లు. వెస్లీ వాళ్ల నాన్న అలా ఒకసారి బస్సెక్కి రోజంతా ప్రయాణం చేసి వీణ్ణి తీసుకుపోయాడట.

"ఇప్పుడు పన్నెండు జట్లతో ప్లేఆఫ్ పెట్టారు. టీవీలో అదే, పేపర్లో అదే. అందులో లేని బౌల్ మ్యాచిని ఎవరూ పట్టించుకోరు. పెద్ద ఆటగాళ్లు దెబ్బ తగుల్తుందని మేం ఆడబోమంటారు. కొన్ని జట్లయితే పిలిచినా రామన్నాయి" అన్నాడు. తన కాలేజీకి ఈసారి ఒక చిన్న బౌల్ దక్కిందట. ఆ జట్టుకి ప్రాణంలాంటి క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, రానని చెప్పేశాడట. "అదీ ఈ శుక్రవారమే. మనకి సాయంత్రం అవుతుంది. నేను మాత్రం చూస్తాను. మా నాన్న ఉంటే చూసేవాడు."

నేను కింద పెట్టిన కప్పు మళ్లీ అందుకున్నాను. తరవాత వాడే అన్నాడు, "మీ మ్యాచికి మనుషులు కావాలా? నాకు క్రికెట్టు రాదు. పరిగెత్తడం, పట్టుకోవడం వచ్చు."

అలా జట్లు తయారయ్యాయి. ఏం జట్లు! ఐటీఐలో క్యాంపు మంగలి, మెస్సులో రొట్టెలు కాల్చేవాడు, నడుంనొప్పి ఫిట్టర్లిద్దరు. పాలిటెక్నిక్‌కి వెస్లీ, కళ్లజోడు లేకుండా బంతి కనపడని స్టోర్‌కీపరు. వాళ్ల కొత్త కెప్టెన్ ఇనాయతుల్లా, వెల్డింగుల నాణ్యత చూసే ఇన్‌స్పెక్టర్. సైటులో పీర్ సాహెబ్ వెల్డింగుని టార్చి వేసి మరీ తనిఖీ చేస్తాడు.

శుక్రవారం వచ్చింది. ఎండ వెచ్చగా, గాలి చల్లగా ఉంది. బౌండరీకి తాడు బదులు సైటులో వాడే పసుపు నలుపు టేపు పరిచాం. మా పనుల్లో ఏది మొదలుపెట్టినా ముందు టూల్‌బాక్స్ మాట ఉంటుంది. అందర్నీ గుండ్రంగా నిలబెట్టి ఇవాళ్టి ప్రమాదాలు చెప్పాలి. మ్యాచికి ముందూ నేను అదే చేశాను. నీళ్లు తాగండి, నడుంనొప్పివాళ్లు డైవ్ కొట్టకండి, ప్రమాదం కనిపిస్తే ఎవరైనా సరే ఆట ఆపొచ్చు అని చెప్పాను. ఎవరూ వినలేదు, ఎప్పటిలాగే.

పాలిటెక్నిక్ బ్యాటింగ్. ఐటీఐ బౌలర్ అఖీల్ మొదటి బంతిని వికెట్లకి బారెడు దూరంగా వేశాడు. వైడ్ ఇచ్చాను. రెండోదీ వైడ్. మూడోదీ వైడ్. చేతులు చాచీ చాచీ నా భుజాలు పడిపోయాయి.

ఇనాయతుల్లా తక్కువవాడా! తరవాతి ఓవర్లో బ్యాటు చంకలో పెట్టుకుని షికారుకి పోతున్నట్టు క్రీజు వదిలి ముందుకి నడిచాడు. పీర్ సాహెబ్ బంతి అందుకుని స్టంపులు ఎగరగొట్టాడు. "ఔట్! ఔట్!" అని చిన్నపిల్లాడిలా గంతులేశాడు. ఆయన జట్టులో ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. అవుటైన ఇనాయతుల్లా మాత్రం చిరునవ్వు నవ్వుకుంటూ వెళ్లాడు.

వెస్లీ వచ్చాడు. బంతిని బాదాడు, వాళ్ల బేస్‌బాల్ అలవాటున బ్యాటు అవతల పారేసి చేతులూపుకుంటూ పరిగెత్తాడు. "బ్యాటు తీసుకుపోవాలయ్యా!" అని అరిస్తే వెనక్కొచ్చి బ్యాటుకి క్షమాపణ చెప్పి మళ్లీ పరిగెత్తాడు. మొత్తం మైదానంలో మనసుపెట్టి ఆడుతున్నది వాడూ, పీర్ సాహెబూ ఇద్దరే అని నాకు అప్పుడప్పుడే అనుమానం మొదలైంది.

ఆ అనుమానం కాసేపటికే తీరింది. పీర్ సాహెబ్ క్యాచి పట్టి వెస్లీని పంపించాక, పాలిటెక్నిక్ బ్యాటర్లిద్దరూ పరుగుకని బయలుదేరి ఒకే చివర చేరి, అక్కడే నిలబడి కబుర్లు మొదలుపెట్టారు. రెండోవైపు వికెట్లు ఖాళీ. బంతి అఖీల్ చేతిలో ఉంది. ఊరికే విసిరితే చాలు, అవుట్. వాడు విసరడే! బంతిని చొక్కాకి తుడుస్తూ, ఆకాశంలో కొంగల్ని లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు. ఆ బ్యాటర్లు "వెయ్‌రా, వెయ్" అని సైగ చేస్తున్నారు. వీడు "మీరే రండప్పా" అని సైగ చేస్తున్నాడు.

నేను విజిల్ ఊదాను. ప్లాంటులో గ్యాస్ లీకైతే ఊదేటట్టు ఊదాను.

"పని ఆపండి! అందరూ ఇక్కడికి రండి! టూల్‌బాక్స్!"

గుండ్రంగా నిలబడ్డారు. "ఇదేం ఆట? ఎవరు ఎవర్ని మోసం చేస్తున్నారు?" అని అడిగాను. నేను ఒక్కొక్కడి పేరూ పిలిచి, వాడి ఏడు తరాలూ తలుచుకోబోతున్నానని గ్రహించి, ఇనాయతుల్లా ముందు నోరు విప్పాడు.

"పీర్ సాబ్ పోతాండాడు గదన్నా. ఒక్కతూరన్నా ఆయప్పను జంఖానా మింద కూచ్చోబెడదామని... మేమే ఓడిపోదామనుకుంటిమి."

అఖీల్ ఎగిరిపడ్డాడు. "మీరు ఓడిపొయ్యేదేందిబ్బా! మేం గెలిస్తే వండేది మీరు గదా! సాబ్ చేతి బిర్యానీ మాకిదే ఆఖరు. అది తినల్లని మేం ఓడిపోదామనుకుంటే మీరు మాకు అడ్డమొస్తాండారు!"

ఒకరి కుట్ర ఒకరికి తెలియదు. ఇరవై రెండుమందిలో ఇరవైమంది ఓడిపోవడానికి ప్రాణాలు పెట్టి ఆడుతున్నారు. ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి ప్రమాదం నేను చూడలేదు.

పీర్ సాహెబ్ గ్లౌజులు తీసేశాడు. మొహం ఎర్రబడింది.

"నన్ను ముసిలోన్ని జేస్తిరి గదరా" అన్నాడు. "ఇన్నేండ్లూ ఓడిపోతి. నిజింగా ఓడిపోతి. మీరు ఒక్కతూరి గూడా ఊరికే ఇయ్యలేదు, నేను ఒక్కతూరి గూడా ఊరికే పోగొట్టుకోలేదు. అందుకేరా ఆ అన్నం అంత బాగుండేది. దొంగగెలుపు గెలిసి జంఖానా మింద కూచ్చుంటే నాకు ముద్ద దిగుతాదా?"

ఆయన మొహంలో కోపం ఎంతసేపో నిలవదు. "ఒకరేమో నన్ను తినమంటారు, ఒకరేమో నన్ను వండమంటారు. నాతో ఆడేటోడు ఒక్కడు లేడా?"

వెస్లీ ఏమైందని అడిగితే నేను ఇంగ్లీషులో చెప్పాను. వాడు బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు. "నేను ఆడతాను." దాంతో మంగలి నవ్వాడు, స్టోర్‌కీపర్ నవ్వాడు, ఇనాయతుల్లా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు. అంపైర్ని కదా.

పొద్దు వాలుతోంది. మళ్లీ మొదట్నుంచి, చెరి ఐదు ఓవర్లే అని తీర్పిచ్చాను. అప్పుడు చూడాలి ఆట! అదే అఖీల్ బంతి వేస్తే బుసలు కొట్టింది. నడుంనొప్పి ఫిట్టర్ నేను వద్దన్న డైవే కొట్టి క్యాచి పట్టాడు. స్టోర్‌కీపర్ కళ్లజోడు ముక్కుకి టేపుతో అతికించుకుని ఒక సిక్సు కొట్టి, ఎక్కడికి పోయిందని నన్నే అడిగాడు. లీగ్‌లో ఇంతకంటే బాగా ఆడతారు, ఒప్పుకుంటాను. కానీ అక్కడ ఎవరూ ఇంత నవ్వరు. పక్క క్యాంపుల నుంచి పాకిస్తానీలూ బంగ్లాదేశీలూ వచ్చి టేపు చుట్టూ నిలబడిపోయారు.

ఆఖరి ఓవర్, ఆఖరి బంతి. ఐటీఐకి ఐదు పరుగులు కావాలి. బ్యాటింగ్ పీర్ సాహెబ్. బౌలింగ్ ఇనాయతుల్లా. నాలుగు కొడితే చాలదు. నేను ఇనాయతుల్లా కళ్లలోకి చూశాను. "నిజంగా ఏస్తాండానన్నా" అన్నాడు గొంతు తగ్గించి. నిజంగానే వేశాడు. వికెట్ల మొదట్లోకి, ముక్కుసూటిగా.

పీర్ సాహెబ్ ఒక మోకాలు నేలకి ఆనించి ఊపాడు. బంతి ఆకాశంలోకి లేచింది. దాని కింద వెస్లీ. తలెత్తి, వెనక్కి వెనక్కి పరిగెత్తుతూ, నిండా చాచిన చేతుల్లో బంతిని గాల్లోనే అందుకుని, పడి, దొర్లి, లేచాడు. బంతి చేతిలోనే ఉంది.

పీర్ సాహెబ్ బ్యాటు మీద ఆనుకుని నిలబడి, "యా అల్లా, ఏం పట్టినాడురా!" అన్నాడు. ఓడిన మనిషి అంత సంతోషంగా మెచ్చుకోవడం నేనెక్కడా చూడలేదు. నాకు మాత్రం ఆ బంతిని పట్టుకుని తిట్టాలనిపించింది. అయినా అంపైర్ అంపైరే. అవుటివ్వడానికి వేలెత్తబోయాను.

వెస్లీ పెద్ద చెయ్యి ఊపుతూ మావైపు పరిగెత్తుకొస్తున్నాడు. వేలితో తన కాలు చూపిస్తున్నాడు. "గీత! గీత తొక్కాను! మా ఆటలో కాలు గీత మీద పడితే పట్టినా పట్టనట్టే. మీ ఆటలో ఎలా?"

వెళ్లి చూశాను. పసుపు నలుపు టేపు మీద తాటిచెట్టు పాదముద్ర, వేలెడు లోతున. ఎండ కళ్లలో పడుతుందని ఆ మూల చూసేవాళ్లెవరూ నిలబడలేదు. వాడు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

నేను రెండు చేతులూ పైకెత్తాను. సిక్సు.

ఆ తరవాత ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను, ఎందుకంటే నన్నూ ఎవరో ఎత్తుకున్నారు. పీర్ సాహెబ్‌ని భుజాల మీద మోసినవాళ్లలో ఇనాయతుల్లా ఉన్నాడు. ఓడిన జట్టు గెలిచిన జట్టు కంటే ఎక్కువ గోల చేసింది. దింపండిరా పడేస్తారు, ఎత్తులో పనికి బెల్టు కట్టాలి అని నేను అరుస్తూనే ఉన్నాను.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజ్ అయ్యాక డేగిసా పొయ్యెక్కింది. వండేది పాలిటెక్నిక్. ఎర్ర జంఖానా మీద నడుమ పీర్ సాహెబ్, చుట్టూ ఆయన జట్టు. పాపం, ఆయన కూచోలేకపోయాడు. "మంట తగ్గియ్యండ్రా", "ఉప్పు జూసినారా" అని లేవబోతే నేను భుజం పట్టి కూచోబెట్టాను. వెల్డింగులో వెంట్రుకంత పగులు కనిపెట్టే ఇనాయతుల్లాకి అడుగంటుతున్న వాసన మాత్రం తెలియలేదు. తెలిసేసరికి సగం బిర్యానీ బొగ్గయింది. మంటలార్పే సిలిండర్ పట్టుకుని నేను పక్కనే నిలబడ్డాను.

ఇనాయతుల్లా మొదటి పళ్లెం పీర్ సాహెబ్ ముందు పెట్టాడు. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. అందరం ఆయన మొహమే చూస్తున్నాం.

"మాడిపోయింది. ఉప్పు లేదు. మాంసం ఉడకలే" అన్నాడు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. "ఇంకొంచెం ఎయ్యి."

అప్పుడు వచ్చాడు ఇర్ఫాన్. నెట్ ప్రాక్టీసు నుంచి నేరుగా, వీపున పేరున్న చొక్కాతోనే. జంఖానా మీద మామని చూసి అక్కడే నిలబడిపోయాడు. "గెలిసినారా మామా?" అన్నాడు. "నేను లేకుండానే గెలిసినారా?"

"నువ్వుంటే ఇంకా ముందే గెలిసేటోళ్లం. రా, తిను" అన్నాడు ఆయన.

ఇర్ఫాన్ తినలేదు. చొక్కా చేతులు మడిచి, నల్లగా మాడి ఖాళీ అయిన డేగిసా లాక్కుని, ఇసుకా సబ్బూ వేసి తోమడం మొదలుపెట్టాడు. అది ఓడినవాళ్ల పని. వాణ్ణి ఎవరూ వద్దనలేదు.

ఇంతలో వెస్లీ తన ఫోన్ తెచ్చి నీళ్ల డబ్బాకి ఆనించాడు. వాళ్ల కాలేజీ బౌల్ మ్యాచి మొదలైంది. అక్కడ పట్టపగలు. స్టేడియంలో సగం కుర్చీలు ఖాళీ. రానన్న క్వార్టర్‌బ్యాక్ బదులు ఎవడో కొత్త కుర్రాడు విసురుతున్నాడు. వెస్లీ మోకాళ్ల మీద కూచుని ఒక్కడే చూస్తున్నాడు.

పీర్ సాహెబ్ పళ్లెం పట్టుకుని జరిగి వాడి పక్కన చేరాడు. "మనోళ్లు ఏ రంగు?" అని నన్ను అడగమన్నాడు.

ఎరుపు అన్నాడు వెస్లీ.

"జంఖానా రంగే. అయితే గెలుస్తారు" అన్నాడు ఆయన. అంతే, రెండు జట్లూ ఆ చిన్న ఫోన్ మీద పడ్డాయి. బంతి ఎటు పోతోందో ఎవరికీ అర్థం కాలేదు. ఎర్రచొక్కా వాడు పరిగెత్తితే చాలు, "పోనీ పోనీ పోనీ" అని క్యాంపు దద్దరిల్లేలా అరిచారు. కొత్త కుర్రాడు విసిరిన బంతిని ఇంకో ఎర్రచొక్కా గీత లోపలే కాలు నిలిపి అందుకున్నాడు. వెస్లీ పీర్ సాహెబ్‌ని జంఖానాతో సహా ఎత్తేశాడు.

ఆ కేకలకి ఇర్ఫాన్ తోమడం ఆపి పరిగెత్తుకొచ్చాడు. అందరి భుజాల మీదుగా తొంగి చూశాడు. "ఇది గెలిస్తే వీళ్లకేమొస్తాది మామా? ప్లేఆఫ్‌కి పోతారా?"

"యాడికీ పోరు" అన్నాడు పీర్ సాహెబ్ ఫోన్ మీంచి చూపు తిప్పకుండా. "ఈపొద్దు గెలుస్తారు. అంతే. సాలదా?"

ఇర్ఫాన్ జంఖానా అంచున చోటు చేసుకుని మామకి ఆనుకుని కూచున్నాడు. "వచ్చే డిసెంబర్‌కి నేనుంటా. ఏ లీగ్ ఉన్నా సరే" అన్నాడు. ఆయన తన పళ్లెంలో మాడని ముద్ద వెతికి వాడి నోట్లో పెట్టాడు.

నాకు మళ్లీ ఏడుపొచ్చింది. సబ్బు చేతులతో ఫోన్ తడిపేస్తున్నావని ఇర్ఫాన్‌ని తిట్టాను.